విరాళాల స్టాల్లో ఇంటి కేకులు, బిస్కెట్లు: ధర ఎలా కట్టాలి

బడి వార్షికోత్సవం, చర్చిలో క్రిస్మస్ సంబరం, అపార్ట్‌మెంటులో ఎవరి వైద్యానికో చందాలు. విశాఖలో ఏ మూల విరాళాల స్టాలు పెట్టినా, కేకులు చేసేవాళ్లు ముందు రోజు రాత్రి అడిగే ప్రశ్న ఒకటే: "ప్యాకెట్ ఎంతకి పెడదాం?" ముందు రోజు రాత్రి అడగడంలోనే సగం పొరపాటు ఉంది. అప్పటికే వెన్న కొనేశారు, పిండి కలిపేశారు, ప్యాకెట్లూ వచ్చేశాయి. ధర గిట్టదని తేలినా మార్చడానికి ఏమీ మిగలదు. ఈ లెక్క కనీసం వారం ముందు వేయాలి.

గల్లాపెట్టెలో పడిన డబ్బంతా విరాళం కాదు. వెన్న, గుడ్లు, కరెంటు, ప్యాకెట్లు, ఆటో ఖర్చు తీసేశాక మిగిలిందే విరాళం. ఒకావిడ 600 రూపాయల వెన్న, జీడిపప్పు ఉచితంగా ఇచ్చారనుకోండి. వాటితో చేసినవి 500కి అమ్ముడయ్యాయి. "500 వచ్చాయి" అని అందరూ సంతోషిస్తారు. ఆ 600 నేరుగా చందాగా ఇచ్చి ఉంటే 100 రూపాయలు ఎక్కువ చేరేవి, ఒక మధ్యాహ్నపు శ్రమ కూడా తప్పేది. కాబట్టి సరుకు ఉచితంగా వచ్చినా దుకాణం ధర వేసే లెక్క కట్టండి.

కింద వాడిన ధరలు లెక్క చూపించడానికి మాత్రమే. మీ బిల్లులో ఉన్న అంకెలు వాటి చోట వేసుకోండి.

కావలసినవి

- ఒక గ్రాము తేడా కూడా చూపించే వంటింటి కాటా. ఇది లేకుండా మొదలుపెట్టకండి.
- సరుకుల బిల్లులు. పూర్ణా మార్కెట్లో విడిగా కొంటే బిల్లు రాకపోవచ్చు. కొన్న వెంటనే సరుకు, బరువు, ధర ఫోన్లో రాసుకోండి.
- ఓటీజీ (ఇంట్లో వాడే చిన్న కరెంటు ఓవెన్) వెనక స్టిక్కర్ మీద ఉన్న వాట్ల సంఖ్య, కిందటి నెల కరెంటు బిల్లు.
- ఒక నోటుపుస్తకం. ఒక్కో వంటకానికి ఒక్కో పేజీ.
- స్టాలుకి: 1,000 రూపాయల చిల్లర, మూత ఉన్న డబ్బాపెట్టె, ధరల బోర్డు, ఒకే ఒక్క క్యూఆర్ కోడు.

1. వంటకాన్ని గ్రాముల్లోకి మార్చండి

కప్పు కొలత ఇంటి వంటకి సరిపోతుంది, ధరకి సరిపోదు. అదే 240 మిల్లీలీటర్ల కప్పులో మైదా వదులుగా పోస్తే 120 గ్రాములు, డబ్బాలో ముంచి నొక్కి తీస్తే 150 గ్రాములు వస్తాయి. నాలుగో వంతు తేడా. నలుగురు ఇళ్లలో చేసి తెచ్చే స్టాల్లో ఆ తేడా నాలుగు రకాల బిస్కెట్లవుతుంది.

ఉదాహరణకి రాగి బెల్లం బిస్కెట్లు తీసుకుందాం. అనకాపల్లి బెల్లం పక్కనే దొరుకుతుంది కనుక విశాఖ స్టాళ్లకి ఇవి బాగా సరిపోతాయి. ఒక వాయికి:

రాగిపిండి 150 గ్రాములు, గోధుమపిండి 150, వెన్న 200, బెల్లం పొడి 180, పాలు 30 మిల్లీలీటర్లు, యాలకుల పొడి, బేకింగ్ పౌడర్, చిటికెడు ఉప్పు.

అచ్చు బెల్లం వాడితే తురిమి జల్లించాక మిగిలిన దాన్ని తూచండి. వానాకాలంలో బెల్లం చెమ్మగిల్లుతుంది. ఆ చెమ్మతో ముద్ద జారుగా అవుతుంది, బిస్కెట్ ట్రే మీద పరుచుకుపోతుంది. అప్పుడు పాలు సగం పోసి, ముద్ద కట్టకపోతేనే మిగతావి పోయండి.

ఇంట్లో చిలికిన వెన్న ఎవరైనా ఇస్తే నేరుగా వాడకండి. అందులో నీరు ఎక్కువ, ఎంత ఉందో తెలియదు. దుకాణంలో కొనే వెన్నలో కనీసం 80 శాతం కొవ్వు ఉంటుంది. ఇంటి వెన్నని కాచి నెయ్యి చేసి, 200 గ్రాముల వెన్న బదులు 160 గ్రాముల నెయ్యి వేయండి. ముద్ద పొడిబారితే ఒకటి రెండు చెంచాల పాలు ఎక్కువ పడతాయి. లెక్కలో నెయ్యి ధరే రాయండి.

2. వాడినంతకే ఖర్చు రాయండి

ప్యాకెట్ ధర కాదు, వాడిన గ్రాముల ధర. ప్యాకెట్ ధరని ప్యాకెట్ బరువుతో భాగించి, వాడిన బరువుతో హెచ్చించండి.

- రాగిపిండి, కిలో 80 చొప్పున 150 గ్రాములు: 12 రూపాయలు
- గోధుమపిండి, కిలో 60 చొప్పున 150 గ్రాములు: 9
- వెన్న, అరకిలో 300 చొప్పున 200 గ్రాములు: 120
- బెల్లం పొడి, కిలో 90 చొప్పున 180 గ్రాములు: 16.20
- పాలు, లీటరు 60 చొప్పున 30 మిల్లీలీటర్లు: 1.80
- యాలకులు, బేకింగ్ పౌడర్, ఉప్పు: 10

మొత్తం 169 రూపాయలు.

ఇందులో వెన్న ఒక్కటే 120 అని చూశారా? ఖర్చు తగ్గించాలంటే చాలామంది యాలకులు తగ్గిస్తారు, పిండి చవక రకం కొంటారు. దానివల్ల మిగిలేది రెండు మూడు రూపాయలు, పోయేది రుచి. తగ్గించాలంటే వెన్న మీదే చూడాలి: నలుగురూ కలిసి పెద్ద ప్యాక్ కొనడం, లేదా వెన్న తక్కువ పట్టే వంటకం ఎంచుకోవడం. వనస్పతి కలిపి "బటర్ బిస్కెట్" అని బోర్డు రాయడం మాత్రం చేయకండి. మంచి పని పేరు చెప్పి అమ్మేటప్పుడు అది ఇంకా పెద్ద తప్పు.

3. పొయ్యి, పేపరు, ప్యాకెట్

ఓటీజీ 1500 వాట్లది అనుకోండి. 10 నిమిషాల ముందు వేడి, 18 నిమిషాల చొప్పున రెండు ట్రేలు, మొత్తం 46 నిమిషాలు. మధ్యలో దానంతట అది ఆగి వెలిగినా, ఆగకుండా నడిచినట్టే లెక్కేస్తే 1.15 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలైతే 9.20. పది వేసుకోండి.

ఇక్కడో మెలిక ఉంది. బిల్లు మొత్తాన్ని యూనిట్లతో భాగించి సగటు తీయకండి. ఇంటి కరెంటు స్లాబుల్లో ఉంటుంది. మీరు అదనంగా కాల్చే యూనిట్లు నెల చివర మీ పై స్లాబులోనే పడతాయి. కాబట్టి బిల్లులో కనిపించే అన్నిటికన్నా ఎక్కువ రేటు తీసుకోవాలి. కుక్కర్లోనో మందపాటి గిన్నెలోనో గ్యాస్ మీద చేసేవాళ్లు సన్న మంటకి గంటకు 10 రూపాయలు వేసుకుంటే తక్కువ పడదు.

బటర్ పేపర్ 8 రూపాయలు. ఒక్కో పౌచ్‌కి 4, స్టిక్కర్‌కి ఒకటిన్నర, కలిపి ప్యాకెట్‌కి 5.50. ప్యాకెట్ ఖర్చు మరచిపోవడం చాలా మామూలు. ఈ ఉదాహరణలో ఆరు ప్యాకెట్లకి అది 33 రూపాయలు, అంటే బెల్లం ఖర్చుకి రెట్టింపు.

4. చేసినవి కాదు, అమ్మగలిగేవి లెక్కపెట్టండి

ధర తప్పేది ఎక్కువగా ఇక్కడే, కాబట్టి ఈ మెట్టు దగ్గర తొందర వద్దు.

పైన రాసిన కొలతకి ముద్ద సుమారు 715 గ్రాములు. గిన్నెకీ చేతికీ అంటుకున్నది పోగా 700 గ్రాములు. ఒక్కోటి 20 గ్రాముల ఉండ చేస్తే 35 బిస్కెట్లు. ఐదేసి పెడితే ఏడు ప్యాకెట్లని కాగితం మీద కనిపిస్తుంది. నిజానికి మొదటి ట్రే అంచున ఒకటి మాడుతుంది, తీసేటప్పుడు రెండు విరుగుతాయి, రుచి చూడటానికి రెండు పోతాయి. మిగిలేవి 30. ఆరు ప్యాకెట్లు.

ఖర్చు: 169 + 10 + 8 + 33 = 220. ఆరుతో భాగిస్తే ప్యాకెట్ 36.67 పడింది. ఏడని నమ్మి లెక్కేస్తే 32.21 వచ్చేది. ప్యాకెట్‌కి నాలుగున్నర రూపాయలు తక్కువగా చూసుకుని, ఆ తప్పు మీదే ధర కట్టేవాళ్లు.

ఇప్పుడు ఉండల సంగతి. కంటి అంచనాతో చేస్తే 20 గ్రాముల ఉండ సులువుగా 22 అవుతుంది. 700 గ్రాములకి 31 బిస్కెట్లే వస్తాయి. ఐదు పోతే 26, అంటే ఐదు ప్యాకెట్లు, ఒక విడి బిస్కెట్. ప్యాకెట్ ఖర్చు 42.90కి చేరుతుంది. రెండు గ్రాముల తేడాకి ప్యాకెట్‌కి ఆరు రూపాయలు, పైగా ఒక ప్యాకెట్ పూర్తిగా తక్కువ. ప్రతి ఉండనీ తూచక్కర్లేదు. మొదటి మూడు తూచి చేతికి అలవాటు చేసుకోండి, ఆ తర్వాత ప్రతి ఎనిమిదోదీ తూచండి.

కాలాక బరువు తగ్గుతుందని కూడా గుర్తుంచుకోండి. 20 గ్రాముల ఉండ చల్లారాక 17 నుంచి 18 గ్రాములు తూగుతుంది. ప్యాకెట్ మీద రాసే బరువు చల్లారాక తూచినదే. ఐదు బిస్కెట్లకి "100 గ్రాములు" అని రాస్తే అది అబద్ధం. "85 గ్రాములు" అని రాయండి.

కప్‌కేకులకీ ఇదే పద్ధతి. 14 కప్‌కేకులకి మైదా 180 గ్రాములు (9 రూపాయలు), పంచదార 180 (8.64), నూనె 120 మిల్లీలీటర్లు (19.20), గుడ్లు 3 (21), పాలు 120 మిల్లీలీటర్లు (7.20), కోకో పొడి 30 గ్రాములు (36), వెనీలా, బేకింగ్ పౌడర్, సోడా (8). మొత్తం 109. కాగితపు కప్పులు 14, కరెంటు 10, అమ్మేవాటికి టిష్యూలు 12. అన్నీ కలిపి 145. ఒకటి ఉడికిందో లేదో చూడటానికి, ఒకటి వంకర పోయింది. అమ్మేవి 12. ఒక్కోటి 12.08 పడింది.

లోఫ్ కేకు (బ్రెడ్డులా పొడవాటి అచ్చులో చేసేది) ముక్కలు కోసి అమ్మితే రెండు చివర్లనీ లెక్కలోంచి తీసేయండి. చివర ముక్క ఎవరూ తీసుకోరు. వాటినే చిన్న ఘనాలుగా కోసి రుచి చూపించడానికి వాడుకోవచ్చు.

5. ధర కట్టండి

మా సలహా: అసలు ఖర్చు ధరలో 40 నుంచి 50 శాతం లోపే ఉండాలి. సులువుగా చెప్పాలంటే, ముక్క ఎంత పడిందో దానికి రెండింతలు చేసి, పై పదికి సరిచేయండి. బిస్కెట్ ప్యాకెట్ 36.67కి రెండింతలు 73.34, అంటే 80 రూపాయలు. కప్‌కేకు 12.08కి రెండింతలు 24.16, అంటే 30.

రెండింతలు అత్యాశ కాదు. ఆ పై సగంలోంచే బల్ల అద్దె, ఆటో, మిగిలిపోయిన సరుకు అన్నీ తీరాలి. పది ఇరవై శాతం వేసుకుంటే కార్యక్రమం అయ్యాక చేతిలో అలసట తప్ప ఏమీ మిగలదు.

మీ శ్రమకి ధర వేయకండి, అది మీ విరాళం. కానీ గంటలు మాత్రం రాసుకోండి, ఏది చేయాలో అదే చెబుతుంది. ఒక వాయి బిస్కెట్లకి రెండు గంటలు పడితే మిగులు 480 - 220 = 260, గంటకి 130. కప్‌కేకులకి 75 నిమిషాలైతే మిగులు 360 - 145 = 215, గంటకి 172. చేతులు తక్కువగా ఉంటే కప్‌కేకులే మేలు. బిస్కెట్లకి వేరే మంచి గుణం ఉంది: నాలుగు రోజుల ముందే చేసి ఉంచుకోవచ్చు.

"మూడు తీసుకుంటే తగ్గింపు" పెట్టాలనుకుంటే ముందు లెక్కేయండి. మూడు కప్‌కేకులు 80కి ఇస్తే మిగులు 43.76. విడిగా ఒకటి అమ్మితే 17.92. ఒకటి కొందామని వచ్చిన మనిషి మూడు తీసుకుంటే స్టాలుకి లాభమే. ఎలాగూ మూడు కొనేవాళ్లకి ఇస్తే పది రూపాయలు పోతాయి. పిల్లలతో వచ్చే కుటుంబాలు ఎక్కువగా ఉండే చోట ఇది బాగా పనిచేస్తుంది, కాలేజీలో అంతగా కాదు.

"మీకు తోచినంత ఇవ్వండి" అనే పద్ధతి కొన్ని చోట్ల బాగుంటుంది. అప్పుడు కూడా బోర్డు మీద "కనీసం 30, ఆ పైన మీ ఇష్టం" అని రాయండి. అంకె లేకపోతే మొహమాటపడి కొందరు దగ్గరికే రారు.

6. బేకరీ ధర చూడండి, దాన్ని పట్టుకుని వేలాడకండి

మీ వీధి బేకరీలో అలాంటి సరుకు ఎంతో చూసి రండి. అది పోలిక కోసమే. వాళ్లు మైదా బస్తాల్లెక్కన కొంటారు, ఒక్క వాయిలో మీ పది వాయిలంత కాలుస్తారు. వాళ్ల ధరకి మీరు అమ్మితే అసలుకే ఎసరు. ఇంకో సంగతి: వాళ్లు కిలో లెక్కన చెబుతారు. మీ ప్యాకెట్ 85 గ్రాములు 80 రూపాయలంటే కిలో 941 పడుతుంది. మీరు కిలో లెక్కన అమ్మితే కొనేవాళ్లు ఉలిక్కిపడతారు. ప్యాకెట్ లెక్కనే అమ్మండి, బరువు మాత్రం నిజాయితీగా రాయండి.

బేకరీలో దొరికేదే మీరూ చేస్తే పోలిక తప్పదు. దొరకనిది చేయండి: రాగి బెల్లం, అరటిపండు కేకు, అరకు కాఫీ పొడి వేసిన కేకు.

7. ఎన్ని చేయాలో ధరతో పాటే తేల్చండి

30 బిస్కెట్ ప్యాకెట్లు (ఐదు వాయిలు), 48 కప్‌కేకులు (నాలుగు వాయిలు) పెట్టారనుకోండి.

అన్నీ అమ్ముడైతే: 2,400 + 1,440 = 3,840.
చేసిన ఖర్చు: 1,100 + 580 = 1,680.
బల్ల అద్దె 300, ఆటో 160, చార్టులు 40: మొత్తం 500.
మిగిలే విరాళం: 1,660.

ఇప్పుడు పావు వంతు మిగిలిపోయిందనుకోండి. రాబడి 2,880. ఖర్చు మాత్రం అదే 2,180. మిగిలేది 700. పావు వంతు సరుకు ఆగిపోతే విరాళం సగానికన్నా కిందికి పడిపోయింది. అందుకే మధ్యాహ్నానికే అయిపోయే స్టాలు మంచి స్టాలు. మొదటిసారి పెడుతుంటే, వస్తారనుకున్న మందిలో పది మందికి ఒకరు కొంటారని తక్కువగా అనుకుని మొదలుపెట్టండి. రెండు మూడు రకాలు చాలు. ఎనిమిది రకాలు పెడితే ప్రతి రకంలోనూ నాలుగేసి మిగులుతాయి.

బల్ల అద్దె మాఫీ చేయమని నిర్వాహకులని తప్పక అడగండి. పై లెక్కలో ఆ 300 పది కప్‌కేకుల రాబడి. బీచ్ రోడ్డు లాంటి బహిరంగ స్థలంలో పెట్టేటట్టయితే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ), పోలీసు అనుమతుల సంగతి ముందే చూసుకోండి, ఏదైనా రుసుము ఉంటే లెక్కలో చేర్చండి.

8. విశాఖ గాలికి తగ్గట్టు ప్యాక్ చేయండి

ధర ఎంత సరిగ్గా కట్టినా మెత్తబడిన బిస్కెట్‌ని 80కి ఎవరూ కొనరు. సముద్రపు గాలిలో చెమ్మ ఎక్కువ. తెరిచి ఉన్న పళ్లెంలో బిస్కెట్ గంటా రెండు గంటల్లో కరకర పోగొట్టుకుంటుంది. పూర్తిగా చల్లారాక, అదే రోజు గాలి చొరని పౌచుల్లో వేసి సీలు చేయండి. గోరువెచ్చగా ఉన్నప్పుడే వేస్తే లోపల ఆవిరి పట్టి మెత్తబడతాయి, తర్వాత బూజు వస్తుంది. పరీక్ష సులువు: మర్నాడు ఒక ప్యాకెట్ విప్పి బిస్కెట్ విరవండి. టప్పున విరగాలి. వంగితే మిగతావాటిని 120 డిగ్రీల దగ్గర ఆరేడు నిమిషాలు వేడిచేసి, చల్లార్చి మళ్లీ ప్యాక్ చేయండి. ఆ కరెంటు కూడా ఖర్చే.

బటర్ క్రీమ్ పెట్టిన కప్‌కేకులు బయట స్టాల్లో వద్దు. డిసెంబరు సాయంత్రం తప్ప మిగతా కాలంలో గంటలో జారిపోతుంది. ఖర్చు పెరుగుతుంది, పారేసేవీ పెరుగుతాయి.

వార్తాపత్రికలో చుట్టి ఇవ్వకండి, సిరా తిండికి అంటుతుంది. ప్లాస్టిక్ చెంచాలు, ప్లేట్లు, స్వీటు డబ్బాల చుట్టూ చుట్టే పల్చటి ప్లాస్టిక్ పొర 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం. కాగితపు ప్లేట్లు, చెక్క చెంచాల ధర లెక్కలో వేసుకోండి.

స్టిక్కర్ మీద ఉండాల్సినవి: పేరు, చేసిన తేదీ, బరువు, ధర, ఏమేం వేశారో. గోధుమ, పాలు, పల్లీ, జీడిపప్పు ఉంటే తప్పక రాయాలి. రాగి బిస్కెట్ అని పెద్దగా రాసి గోధుమ ఉన్న సంగతి దాచకూడదు. గుడ్డు లేనిదానికి చదరంలో ఆకుపచ్చ చుక్క, గుడ్డు ఉన్నదానికి చదరంలో గోధుమరంగు త్రికోణం. మన దగ్గర శనివారాలు, కార్తీక మాసం పాటించేవాళ్లు ఎందరో. రెండు రకాలనీ వేరు వేరు పళ్లేల్లో, వేరు పట్టకారులతో పెట్టండి. గుడ్డు లేని రకం ఒకటైనా లేకపోతే కొనేవాళ్లలో మంచి భాగం వెనక్కి తిరిగిపోతారు.

తరచూ అమ్మే ఆలోచన ఉంటే ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఇంట్లో వండి అమ్మేవాళ్లకీ అది వర్తిస్తుంది. ఆ సంస్థ వెబ్‌సైటు ఫోస్కోస్ పోర్టల్లో దరఖాస్తు పెట్టాలి, 14 అంకెల నంబరు వస్తుంది.

9. బోర్డు, చిల్లర, ఫోన్

ధరలన్నీ పదుల్లోనే పెట్టండి. 35, 75, 99 వద్దు. ప్రతి ఐదు రూపాయల చిల్లరకీ వరస ఆగుతుంది, వెనకున్నవాళ్లు వెళ్లిపోతారు. బోర్డు మీద అంకెలు నాలుగడుగుల దూరం నుంచి చదవగలగాలి, తెలుగులో పేరు, పక్కన ధర. ఈ డబ్బు దేనికో ఒక్క వాక్యంలో రాయండి. "ఫలానా పిల్లవాడి ఆపరేషన్‌కి" అని ఇంటి పేరుతో సహా రాసేముందు ఆ కుటుంబాన్ని అడగండి.

చిల్లర: పది నోట్లు 30, ఇరవైలు 20, యాభైలు 6. మొత్తం 1,000. ఇది మీ పెట్టుబడి, రాబడి కాదు. బోణీకి ముందే పుస్తకంలో రాసి ఇద్దరు సంతకం పెట్టండి.

క్యూఆర్ ఒకటే ఉండాలి. "నా నంబరుకి కూడా కొట్టొచ్చు" అని రెండో మనిషి అంటే సాయంత్రం లెక్క తెగదు. కొనేవాళ్లు చూపించే స్క్రీన్ చూసి సరుకు ఇచ్చేయకండి. ఆ ఖాతా ఉన్న ఫోన్ స్టాల్లోనే ఉంచి, మెసేజ్ వచ్చాకే ఇవ్వండి. మంది ఎక్కువైతే సిగ్నల్ పడిపోతుంది, స్థలం ముందే చూసుకోండి.

ప్రతి అమ్మకానికీ పుస్తకంలో ఒక గీత. బిస్కెట్, విడి కప్‌కేకు, మూడింటి జత: మూడు వరసలు వేరుగా. విడిగా చందా ఇచ్చేవాళ్లకి వేరే హుండీ. దాన్ని అమ్మకాల డబ్బులో కలపకండి.

10. చివరి గంట

ఇక్కడ బిస్కెట్లకీ కప్‌కేకులకీ న్యాయం ఒకటి కాదు. బిస్కెట్లు గాలి తగలకుండా ఉంటే మరో వారం పదిరోజులు నిలుస్తాయి. వాటి ధర తగ్గించకండి, ఇంటికి తీసుకెళ్లి మర్నాడు అపార్ట్‌మెంటులో పూర్తి ధరకే అమ్మండి. కప్‌కేకులు రేపటికి ఎండిపోతాయి. ఆఖరి అరగంటలో వాటి మీద ఎంత వచ్చినా రాబడే, ఖర్చు ఎలాగూ అయిపోయింది. 20కి ఇచ్చేయండి. తగ్గించే సంగతి ముందే ప్రకటించకండి, అందరూ అప్పటిదాకా ఆగుతారు. పొద్దున పూర్తి ధరకి కొన్నవాళ్లకీ అది బాధే.

బేరం ఆడేవాళ్లు ఉంటారు. ధర తగ్గించకుండా, అరకొర విరిగిన బిస్కెట్లు రెండు అదనంగా ఇవ్వండి. అవి ఎలాగూ లెక్కలోంచి తీసేసినవే.

11. సాయంత్రం లెక్క సరిచూడటం

రెండు దారుల్లో లెక్కేయాలి. రెండూ కలవాలి.

సరుకు వైపు నుంచి: 30 ప్యాకెట్లు తెచ్చారు, 4 మిగిలాయి, 1 రుచికి విప్పారు. అమ్మినవి 25, రాబడి 2,000. కప్‌కేకులు 48, మిగిలినవి 3, రుచికి 2, అమ్మినవి 43. అందులో 8 జతలు (24 కేకులు) 80 చొప్పున 640. విడిగా 19, ముప్పై చొప్పున 570. మొత్తం 3,210.

డబ్బు వైపు నుంచి: పెట్టెలో 2,150. చిల్లర పెట్టుబడి 1,000 తీస్తే 1,150. యూపీఐలో వచ్చినవి 2,060. మొత్తం 3,210.

యాభై లోపు తేడా చిల్లర పొరపాటే అయి ఉంటుంది. అంతకన్నా ఎక్కువైతే ముందు మూడింటి జతల గీతలు చూడండి, జతని మూడు విడి కేకులుగా గీసేయడం మామూలు. అలా ఒక్కో జతకి పది రూపాయలు తక్కువ కనిపిస్తాయి. తర్వాత యూపీఐ జాబితాలో ఆ రోజు వచ్చిన సొంత డబ్బు కలిసిందేమో చూడండి.

3,210 లోంచి 1,680, 500 తీస్తే 1,030. నోటీసు బోర్డు మీద రాయాల్సిన అంకె ఇదే. దాని కింద సరుకు ఉచితంగా ఇచ్చినవాళ్ల పేర్లు, ఆ సరుకు విలువ వేరే వరసలో రాయండి. వాళ్లు ఖర్చు తిరిగి తీసుకోకపోతే ఆ మొత్తం 1,030కి కలుస్తుంది, అదీ స్పష్టంగా చూపించండి. ఉదాహరణకి ఐదు వాయిల వెన్న, 600 రూపాయలది, ఎవరో ఇచ్చి ఉంటే చేతిలో ఉండే నగదు 1,630. అందులో 600 ఆవిడ చందా, 1,030 స్టాలు తెచ్చినది.

మిగిలిన నాలుగు ప్యాకెట్లని ఎవరి దగ్గర ఉంచారో పుస్తకంలో రాయండి. అమ్ముడైన రోజు ఆ 320 కూడా అదే పేజీలో జమ చేయండి.